ఉత్తరపు గోడ మీది ముఖాలు

నేను బాగుచేసిన గోడల గురించి సన్మాన సభల్లో చాలామంది చెప్పారు. శాలువా కప్పేటప్పుడు ఎవరైనా మంచిమాటలే చెప్తారు, వాటిని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. నేను పాడుచేసిన గోడ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి ఒక ఊరివాళ్ళకీ నాకూ తప్ప తెలియదు కాబట్టి నేనే రాయాలి.

పాత కట్టడాలు బాగుచేసే పనిలోకి ఇప్పుడు కుర్రవాళ్ళు, ఆడపిల్లలు ఉత్సాహంగా వస్తున్నారు. తిరుపతిలో మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, అనుభవాలు చెప్పమంటారు. ఏ కోర్సు చదవాలో, ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందో నన్ను అడగొద్దు. ఆ సంగతులు మీ చేతిలోని ఫోనుకే బాగా తెలుసు. ఒక గోడ ఎలా చస్తుందో, దాన్ని చంపే మనిషి ఆ రోజు పొద్దున ఎంత మంచి ఉద్దేశంతో ఇంట్లోంచి బయల్దేరతాడో, అది మాత్రం నేను చెప్పగలను.

మునిరత్నం గారు

మాది పెరుమాళ్ళ కొలువు చేసుకుని బతికిన ఇల్లు. నాయన గుడి వంటశాలలో పనిచేసేవారు. నేను సివిల్ ఇంజనీరింగు చదివి చిత్తూరులో మునిరత్నం గారి దగ్గర చేరాను. పాత కట్టడాలకు ఆయన పేరున్న ఇంజనీరు. గుడులు, సత్రాలు, మసీదులు, చర్చిలు, ఏది కుంగినా ఆయనకే కబురొచ్చేది. నోరు మాత్రం మంచిది కాదు. మేస్త్రీల ముందే మమ్మల్ని తిట్టేవారు. ఆ మేస్త్రీలు చేసిన మంచిపనిని పెద్దల ముందు తన ఖాతాలో వేసుకునేవారు. తిట్లు నేను మర్చిపోయాను గానీ ఈ రెండోది ఇప్పటికీ క్షమించలేను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం.

అయినా గోడ ముందు ఆయనకు అహం ఉండేది కాదు. కొత్త పనికి వెళ్తే మొదటి రోజు మమ్మల్ని దేన్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. టేపు బయటికి తీస్తే అరిచేవారు. గోడకి ఎదురుగా కుర్చీ వేయించుకుని, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ కూర్చునేవారు. “గోడ ఏం జెప్తాదిరా? దాని పక్కన బతికినోళ్ళుంటారు సూడు, వాళ్ళని అడుగు” అనేవారు. అప్పట్లో నాకది సోమరితనంగా కనిపించేది.

ఆయన వెంట తిరిగిన కట్టడాల్లో ఒక్క చర్చి గురించే ఇక్కడ రాస్తాను. తక్కినవన్నీ కలిపి నేర్పినదానికన్నా అదే ఎక్కువ నేర్పింది, చాలా ఆలస్యంగా.

కుండలాలు పెట్టుకున్న దేవదూతలు

నగరి దాటి తమిళనాడు సరిహద్దు వైపు పోతే ఒక ఊరుంది. పేరు రాయను, వాళ్ళకి ఇష్టముండదు. మరమగ్గాల చప్పుడు మధ్యలో పాత కతోలిక దేవాలయం. నమూనా గీసిచ్చింది ఎవరో తెల్ల గురువట, కట్టింది మాత్రం మన గోపురాలు కట్టే పనివాళ్ళు. కిటికీలు సీమదొరల పద్ధతిలో పైకి మొనదేలి ఉంటాయి. వాటి మధ్య నిలబడిన స్తంభాల అడుగున తామరరేకులు. బలిపీఠం పైన సున్నపు గారతో చేసిన దేవదూతలకు చెవులకి పెద్ద పెద్ద కుండలాలు, మెడలో మూడు పేటల హారం. మునిరత్నం గారు వాటిని చూసి పగలబడి నవ్వారు. “గరుత్మంతునికి జేసే రెక్కలే తగిలించి పంపించినారు గదరా!” అన్నారు. నవ్వి, చాలాసేపు తల ఎత్తి అలాగే చూశారు.

గోడలు రెండున్నర అడుగుల మందం. ఇటుకా సున్నమూ. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు సున్నంలో పోసి దంచి చేసిన గార. లోపలి పూత మీద అరచెయ్యి ఆనిస్తే నున్నగా, చల్లగా తగిలేది.

ఉత్తరం గోడకు ఒక చిన్న తలుపు ఉంది. సమాధుల తోట అటువైపే కాబట్టి శవపేటికను తీసుకుపోయేది ఆ తలుపులోంచే. దాని పక్కన, లోపలి గోడ మీద, నిలువెత్తు బొమ్మ. చనిపోయినవాళ్ళ ఆత్మలు మోక్షానికి పోయేముందు పాపాలు కాలి శుద్ధిపడే చోటు ఒకటుందని కతోలికుల నమ్మకం. ఉత్తరించే స్థలం అంటారు. దాని బొమ్మ అది. కింద మంటలు. ఆ మంటల్లో నడుముదాకా మునిగి, చేతులు పైకెత్తిన పదకొండుమంది.

వేసింది కాళహస్తి నుంచి వచ్చిన కలంకారీ చిత్రకారుడని చెప్పుకుంటారు. ఆ కళ్ళు చూస్తే నమ్మాల్సిందే, బట్ట మీద వేసే పొడుగాటి కళ్ళే అవి. గురువు ఒక సీమ పటం చూపించి అలా వెయ్యమన్నాడట. చిత్రకారుడు మంటల్ని ఆ పటంలోంచి తీసుకున్నాడు, ముఖాల్ని చర్చి వాకిట్లోంచి తీసుకున్నాడు. అది కరువు కాలం. వాకిట్లో గంజి పోసేవాళ్ళు. గంజికోసం నడిచొచ్చి అక్కడే చచ్చిపోయినవాళ్ళ ముఖాలు అవి. అందరినీ ఒకే గోతిలో పూడ్చారు. సమాధి లేదు, పేర్లు రాసిన పుస్తకమూ లేదు. ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళకు తమ పెద్దల గుర్తంటూ ఉన్నది ఆ గోడ మీద ముఖం ఒక్కటే.

ఇదంతా నాకు చెప్పింది ఆరోగ్యమ్మ. అప్పటికి నలభై దాటిన మనిషి, మగ్గాలకి కండెలు చుట్టి బతికేది. బొమ్మ ముందు నన్ను నిలబెట్టి వేలితో చూపించింది.

“ఎడం పక్కనించి మూడోది మా ముత్తవ్వ సామీ. సత్యవేడు తట్టునించి బిడ్డను సంకనేసుకోని నడిసొచ్చిందంట. పోసిన గంజి బిడ్డకి తాపింది. తనకి మిగల్లా.”

ఆ బొమ్మలో ఆమె ఒక చెయ్యి పైకెత్తి ఉంది. రెండో చెయ్యి చంకలో బిడ్డను పట్టుకున్నట్టే వంగి ఉంది. బిడ్డ మాత్రం లేదు. ఎందుకని అడిగాను.

“బిడ్డ బతికింది గదా. బతికినోళ్ళని ఆడ యాల ఏస్తారు? ఆ బిడ్డే మా అవ్వ.”

 ఎన్నో గొప్ప గొప్ప శిల్పాల ముందు నిలబడ్డాను గానీ, ఆ ఖాళీ చెయ్యి ముందు ఏడుపొచ్చినట్టు ఎక్కడా రాలేదు.

ఆ బొమ్మ ముందు ఎవరూ ఫోటో తీయించుకోరు. తీయించుకుంటే ఆ మనిషిని కూడా మంటల్లోకి పిలిచినట్టేనని ఊరివాళ్ళ భయం. పెళ్ళిళ్ళ ఫోటోలన్నీ దక్షిణం వైపు నిలబడే తీసుకుంటారు.

సున్నం వారం

ఈస్టరుకు ముందు వచ్చేది మట్టల ఆదివారం. దానికి ముందు వారం ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ సున్నం తడిపేవాళ్ళు. చర్చి బయటి గోడను తాతల నాడే ఇళ్ళవారీగా పంచుకున్నారు. ఈ కిటికీ నుంచి ఆ కిటికీ దాకా ఒక ఇంటిది, అక్కడినుంచి మూల దాకా ఇంకొకరిది. ఎవరి భాగానికి వాళ్ళే సున్నం కొట్టాలి. పాత పొడి రాలగొట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, పల్చగా రెండు పూతలు వేసేవాళ్ళు. ఆడవాళ్ళు నిచ్చెన మీద, పిల్లలు కింద. ఎదురింటివాళ్ళ గోడ తమదానికన్నా తెల్లగా ఉంటే ఆ ఏడాదంతా ఎకసెక్కాలు పడాల్సిందే.

ఉత్తరం వైపు, లోపలి బొమ్మకు సరిగ్గా వెనక పడే భాగం ఆరోగ్యమ్మ ఇంటిది.

మునిరత్నం గారు ఆ వారం అక్కడే మకాం పెట్టారు. ఎక్కడ గార బోలుగా మోగుతోందో, ఎక్కడ చెమ్మ తగులుతోందో, ఏ తూము కారుతోందో ఆయన అడక్కముందే వాళ్ళు చెప్పారు. ఏటా అరచేత్తో తడిమే గోడ కదా మరి. “ఈళ్ళకి ఇంజనీరు పనిలేదు, పదరా పోదాం” అన్నారు నాతో. నిజంగానే పైకప్పు తూములు రెండు సరిచేయించి వచ్చేశాం. సున్నపు గోడ వానకు నీళ్ళు తాగుతుంది, ఎండకు వదిలేస్తుంది. ఆ వదిలే దారి మూయకుండా ఉంటే వందల ఏళ్ళు నిలబడుతుంది. దారిలో బస్సులో ఆయన ఈ మాట నాకు మూడుసార్లు చెప్పారు. అర్థమైంది సార్ అని నేనూ మూడుసార్లు అన్నాను.

నేనిచ్చిన పూచీ

చాలా ఏళ్ళు గడిచాయి. మునిరత్నం గారు పోయారు. నేను సొంతంగా పని చేసుకుంటూ, ఆయనకున్నంత పేరు తెచ్చుకున్నాను. ఆయనకున్న కుర్చీ అలవాటు మాత్రం తెచ్చుకోలేదు. ఒక రోజు ఆ చర్చికి జూబిలీ వస్తోందని పెద్దల సంఘం నన్ను పిలిచింది. సంఘం పెద్ద చిన్నప్ప, బడిలో హెడ్మాస్టరు చేసి దిగినాయన.

“సార్, ఈ సున్నం పని ఇంగ మాతో గాదు. వయసు పిల్లోళ్ళంతా చెన్నైకి, బెంగులూరికి పన్లకి పోతా ఉండారు. ముసిలోళ్ళు నిచ్చెనలెక్కి పడతా ఉండారు. పోయినేడు ఒకామెకి తుంటి ఇరిగింది, ఇంగా లేసి నడవలా. పదేండ్లు ముట్టుకోకండా ఉండే మాదిరి ఏదన్నా జెయ్యండి” అన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మంచంలో ఉన్న ఆ మనిషిని నేనూ వెళ్ళి చూశాను. సున్నపు పూత కొట్టేయించి, సిమెంటు పూత వేయించి, నీళ్ళు పట్టని పెయింటు కొట్టించమని రాసిచ్చాను. ఎందుకలా చేశానని తర్వాత చాలాసార్లు నన్ను నేను నిలదీసుకున్నాను. జాలి నిజమే. కానీ సున్నం పని తెలిసిన మేస్త్రీలను వెతికి తెచ్చి నెలల తరబడి నిలబడి చేయించే ఓపిక నాకు లేకపోవడమూ నిజమే. బిషప్పు వచ్చే నాటికి గోడ మెరవాలి, పలకరాయి మీద నా పేరుండాలి. తెలియక చేసిన తప్పు కాదిది. తెలిసి, తెలిసినదాన్ని పక్కన పెట్టి చేసింది. ఈ పనిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, తెలియక చేసేవి తక్కువ.

పని మొదలైన రోజు ఆరోగ్యమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది.

“నా గోడ ఒకటి ఇడిసిపెట్టండి సామీ. నేనుండేదంకా సున్నం నేనే కొట్టుకుంటా.”

“అంతా ఒక రంగుంటే నడుమ అతుకు బాగుండదమ్మా” అన్నాను.

“బాగుండేదానికి గాదు సామీ నేనడిగేది. ఆ పక్కన మా ముత్తవ్వ ఉండాది. ఈ పక్క గాలాడకపోతే ఆమెకి ఏమవతాదో.”

నేను కాలేజీలో నేర్చుకున్నదీ, మునిరత్నం గారు బస్సులో మూడుసార్లు చెప్పిందీ ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. నేను నవ్వాను. “మీ ముత్తవ్వకేం కాదమ్మా. నాదీ పూచీ” అన్నాను.

ఆమె “సదువుకున్నోళ్ళు, మీకు తెలీదా” అని వెళ్ళిపోయింది. చదువుకున్నవాడి మాటకు ఎదురు చెప్పకూడదని ఆమెకు ఎవరు నేర్పారో గానీ, ఆ రోజు ఎదురు చెప్పి ఉంటే బాగుండేది. జూబిలీ నాడు చర్చి పెళ్ళిమండపంలా మెరిసింది. ఆ ఏడు మట్టల ఆదివారానికి ఎవరూ సున్నం తడపలేదు.

ఉప్పు

ఏడెనిమిదేళ్ళ తర్వాత ఫోనొచ్చింది. ఆరోగ్యమ్మ, ఎవరి ఫోనులోంచో.

“సామీ, మా ముత్తవ్వ మొగాన తెల్లంగా ఏందో పూసుండాది. ఒకతూరి వొచ్చి సూసిపోండి.”

మర్నాడే వెళ్ళాను. బయట పెయింటు చెక్కుచెదరలేదు. లోపలికి పోతే చెమ్మ వాసన ముక్కుకి కొట్టింది. ఉత్తరం వైపు తూము ఎప్పుడో పగిలింది. కార్తీకంలో పట్టే వానలన్నీ ఆ గోడే తాగింది. బయటి దారి నేను మూసేశాను కాబట్టి ఆ నీళ్ళు లోపలి వైపు దారి వెతుక్కున్నాయి. వస్తూ వస్తూ ఇటుకలోని ఉప్పును తెచ్చి బొమ్మ మీద పూయించాయి. గార అక్కడక్కడా ఉబ్బింది. అంతకు రెండేళ్ళ ముందు వేరే పనిమీద అటు పోతూ నేను ఆ ఉబ్బును చూశాను. పాత గార కదా, దళసరిగా వేసుంటారులే అనుకున్నాను. వాపును చూసి బలుపనుకోవడమంటే అదే.

తూము పగిలిందని ఒక్కరూ చెప్పలేదేమిటని చిన్నప్పను అడిగాను. “ఇప్పుడు ఆ గోడ తట్టు ఎవురు పోతా ఉండారు సార్?” అన్నాడు. అంతే. ఎవరి గోడకి వాళ్ళు వెళ్ళే వారమే లేకుండా చేసింది నేను.

ఎడమ చివర ఇద్దరి ముఖాలు అప్పటికే రాలిపోయి నేలమీద పొడిగా ఉన్నాయి. మూడో ముఖం మీద ఉప్పు నురగలా ఉంది, ముఖం మాత్రం ఉంది. ఆరోగ్యమ్మ పాత చీరముక్కతో మెల్లగా అద్దుతోంది.

“ముట్టుకోవద్దమ్మా, రాలిపోతుంది.”

“తుడస్తా లేను సామీ. మంచాన పడినోళ్ళ మొగం మీద ఈగను తోల్తాం గదా, అంతే.”

“నిలబడుతుందా” అని అడిగింది. నిలబెడతానన్నాను. అబద్ధం కాదు, నిలబెట్టే మార్గం ఉంది. ముందు బొమ్మ మొత్తాన్నీ అంగుళం అంగుళం ఫోటో తీయాలి. తర్వాత పల్చటి గుడ్డను జిగురుతో బొమ్మ మీద అతికించి, రాలకుండా పట్టి ఉంచాలి. ఆ తర్వాతే బయటి సిమెంటును చేతి ఉలితో కొంచెం కొంచెంగా తీయాలి. ఈ వరస నేను ఎన్నో కాలేజీల్లో పాఠంగా చెప్పాను. ఆ రోజు ఉప్పును, ఉబ్బును, తూమును ఫోటోలు తీసుకున్నాను. బొమ్మ మొత్తం ఫోటో పని మొదలుపెట్టే రోజు మంచి వెలుతురులో తీద్దామనుకున్నాను.

మేస్త్రీకి చెప్పని మాట

పని సోమవారం మొదలుపెట్టాలి. ఆ పొద్దున నేను బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరుక్కుపోయాను. కాయల కాలం, గిడ్డంగి గోడ పగిలింది, యజమాని నన్ను వదలడం లేదు. మేస్త్రీ ఏకాంబరం ఫోన్ చేశాడు.

“సార్, మనుషులతో వొచ్చి కూసోనుండాము. ఎండెక్కతా ఉండాది. ఏం జేసేది?”

“ఉత్తరం పక్క సిమెంటు కింద నుంచి తీస్తూ ఉండు, నేను వచ్చేస్తా” అన్నాను.

అంత మాటే. అర నిమిషం కూడా పట్టలేదు. చేతి ఉలితో తియ్యమని చెప్పలేదు. గోడకు అటువైపు ఏముందో చెప్పలేదు. ఏకాంబరం మంచి పనివాడు, కానీ ఆ చర్చి లోపలికి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. బయటి పని బయటే చేసుకుని పోయే మనిషి. సిమెంటు మొండిగా ఉంటే కరెంటు ఉలి తగిలించాడు. పని తొందరగా కావాలనుకునే ఏ మేస్త్రీ అయినా అదే చేస్తాడు.

నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బయట మిషను ఆగిపోయి ఉంది. ఏకాంబరం గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. “ఆ పక్క బొమ్ముండాదని ఒక్క మాట జెప్పుంటే సార్…” అని, మాట పూర్తి చెయ్యకుండా ముఖం తిప్పుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ నా దగ్గర పని ఒప్పుకోలేదు.

లోపల దుమ్ము ఇంకా అణగలేదు. కుడివైపు నలుగురు మిగిలారు. మూడో ముఖం నుంచి ఏడో ముఖం దాకా గోడ మీద ఎర్రటి ఇటుకలు తప్ప ఏమీ లేదు. ఆరోగ్యమ్మ జుట్టు, చీర, కనురెప్పలు అన్నీ తెల్లగా ఉన్నాయి. రెండు దోసిళ్ళూ దగ్గరగా పట్టుకుని కూర్చుని ఉంది. వాటినిండా సున్నపు పెళ్ళలు.

“జపమాల జెప్పుకుంటా ఉండాను సామీ. గోడ వొణికె. ముందు మంటలు రాలె. లోపల నేను అరస్తా ఉండాను, బయట మిషను అరస్తా ఉండాది. నా అరుపు ఎవురికి ఇనపడతాది? చేతులడ్డం బెట్టినా. ఈ చేతుల్లోనే పడింది.”

 ఆమె పక్కన కూర్చున్నాను. ఆ పెళ్ళల్లో ఒకదాని మీద కంటికొస నల్లగీత కొంచెం కనిపించింది. అది కూడా చూస్తుండగానే పొడైంది.

నివేదికలో ‘ఏళ్ళ తరబడి చేరిన తేమ వల్ల’ అని రాశాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. బంగారుపాళ్యం గురించీ ఆ ఫోను గురించీ అందులో ఒక్క అక్షరం లేదు. ఇన్నాళ్ళకు ఇక్కడ రాస్తున్నాను. పిల్లలూ, మేస్త్రీ చేతికి ఉలి ఇచ్చేముందు ఆయన్ని గోడకు అవతలి వైపు తీసుకెళ్ళి చూపించండి. అక్కడ ఎవరు ఉన్నారో, వాళ్ళు ఎవరికి ఏమవుతారో చెప్పండి. నేను చెప్పనిది అదే.

పవిత్రమైన వస్తువు విరిగితే పారెయ్యకూడదని వాళ్ళ ఆచారం. రాలిన పెళ్ళలన్నీ మూడు గంపలకెత్తి, ఊరంతా కలిసి సమాధుల తోటలో పూడ్చారు. కొత్తగా వచ్చిన ఫాదరు ప్రార్థన చదివారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం ఊపిరాడేది. చివర్లో ఆరోగ్యమ్మ నావైపు తిరిగి “మీరూ మన్ను పొయ్యండి సామీ” అంది. పోశాను. ఇంటికెళ్ళి తలస్నానం చేశాను గానీ ఆ మన్ను నా చేతులకు ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

కాళహస్తి నుంచి వచ్చిన మనిషి

మిగిలిన సిమెంటును చేతి ఉలితో తీయించాను. దగ్గర నిలబడి, రోజూ. గోడ ఆరడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. కరక్కాయ నీళ్ళతో సున్నపు గార మళ్ళీ వేయించాను. మిగిలిన నలుగురినీ నిలబెట్టగలిగాం. పోయిన ముఖాల్ని మళ్ళీ వేయించి ఇస్తానని సంఘానికి నేనే చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు, అయినా పట్టుకున్నాను.

నా దగ్గరున్న ఫోటోలన్నీ బయటికి తీశాను. మునిరత్నం గారి కాలం నాటివి, జూబిలీ నాటివి, ఉప్పు చూడ్డానికి వెళ్ళిన రోజువి. పగుళ్ళు ఉన్నాయి. తూములు ఉన్నాయి. ఉబ్బిన గార, పక్కన స్కేలు పెట్టి తీసినవి ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ముఖం లేదు. ఊరివాళ్ళు భయంతో తియ్యలేదు. నాకు ఏ భయమూ లేదు, కెమెరా మెడలో వేసుకుని అన్నేళ్ళు ఆ బొమ్మ ముందు తిరిగాను, గోడ జబ్బును మాత్రమే తీశాను.

కాళహస్తి నుంచి సుబ్రమణ్యం అనే కలంకారీ చిత్రకారుణ్ణి తీసుకెళ్ళాను. నెమ్మదైన మనిషి. ముఖాలు పోగొట్టుకున్న ఇళ్ళవాళ్ళని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగాడు. ఒకరు మా ముత్తాతకు మీసం ఉండేదన్నారు, ఆ ముత్తాత తమ్ముడి మునిమనవడు లేదన్నాడు. ఇంకొకరు తమ కొడుకును చూపించి, ఇదే ముఖం వెయ్యమన్నారు. సుబ్రమణ్యం అన్నీ విని కాగితం మీద గీసుకున్నాడు. వాళ్ళు చూసి, ఇదే ఇదే అన్నారు. నిజంగా అదేనో కాదో ఇక ఎవరికీ తెలియదు.

చివర ఆరోగ్యమ్మను పిలిచారు. ఖాళీ గోడకు ఎదురుగా కూర్చుంది. నాకు ఆమె మీద ధైర్యం ఉంది. అరవై ఏళ్ళకు పైగా రోజూ పొద్దున ఆ ముఖం ముందు మోకరిల్లిన మనిషి.

“చీర ఏ రంగు అవ్వా?” అని అడిగాడు సుబ్రమణ్యం.

“కావిరంగు. అంచు నల్లది.”

“జుట్టు?”

“ఇరబోసుకోనుండాది. ఎడం భుజం మింద పడతా ఉంటాది.”

“చెవులకేమన్నా ఉందా?”

“ఏమీ లే. తొర్రలు మాత్రం పెద్దవి.”

సుబ్రమణ్యం గీస్తూ పోతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

“ముక్కు ఎట్లుంటాది? కోలగానా, బండగానా?”

ఆమె చెప్పబోయి ఆగింది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.  

“ఇట్లా…” అని గాలిలో వేలితో ఏదో గీసింది. తల అడ్డంగా ఊపింది. “కాదు. ఇది మా అమ్మ ముక్కు.”

“తొందర లేదవ్వా” అన్నాడు సుబ్రమణ్యం.

“మా అమ్మ మొగం వస్తా ఉండాది. మా అవ్వ మొగం వస్తా ఉండాది. ఆమెది రాలా.”

“పోనీ మీ అమ్మ ముఖమే వేద్దామా? ఒకే రక్తం గదా.”

“వొద్దు” అంది వెంటనే. కళ్ళు తెరిచి గోడ వైపే చూస్తూ, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అంది.

“దినామూ సూస్తానే ఉంటి నాయనా. ఆడనే ఉండాది గదా, యాడికి పోతాదిలే అని, మనసులో పెట్టుకోనే లేదు.”

సుబ్రమణ్యం పెన్సిలు కింద పెట్టాడు.